ఆవిరి, రాళ్లు, రుసుము: లకోటా ఇనిపిని ఎవరు నడపాలి?

స్వెట్ లాడ్జ్ అంటే కాలిన రాళ్ల మీద నీళ్లు పోసి ఆవిరి పట్టే గుడారం. దాన్ని కట్టడానికి పెద్దగా ఏమీ అక్కర్లేదు. పన్నెండో పదహారో పచ్చి విల్లో కొమ్మలు, వాటిని కట్టడానికి గుడ్డ పీలికలు, పైన కప్పడానికి దుప్పట్లు, టార్పాలిన్లు, నేలలో ఒక గొయ్యి, కట్టెలు, రాళ్లు, బకెట్ నీళ్లు. పని తెలిసిన నలుగురైదుగురు పొద్దున్నే మొదలుపెడితే సాయంత్రానికల్లా గుడారం సిద్ధం. ఇంత సులువు కాబట్టే అమెరికా ఆదివాసులైన లకోటా ప్రజల ఈ క్రతువును, వాళ్ల మాటలో ఇనిపిని, అమెరికాలోనూ యూరప్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ ఎందరో తమకు తోచినట్టు కాపీ కొట్టారు. వారాంతపు ధ్యాన శిబిరాల్లో, వ్యక్తిత్వ వికాస కోర్సుల్లో అదొక ఐటమ్ అయిపోయింది.

2009లో అరిజోనాలో అలాంటి ఒక శిబిరం ముగ్గురి ప్రాణాలు తీసింది. ఆ వార్త చదివిన చాలామందికి కలిగిన సందేహం ఒకటే: అంత వేడిలో మనుషుల్ని కూర్చోబెట్టడమే తప్పు కదా? లకోటా పెద్దలు అడిగింది మరొకటి: దాన్ని నడిపే హక్కు ఆ శిబిరం పెట్టినాయనకు ఎవరిచ్చారు? పైకి ఇది మతపరమైన అభ్యంతరంలా, మా సొత్తు మీరు ముట్టుకోకండి అన్నట్టుగా వినిపిస్తుంది. కానీ గుడారం ఎలా కడతారో, లోపల ఏం జరుగుతుందో, తలుపు ఎవరి మాట మీద తెరుచుకుంటుందో కాస్త దగ్గరగా చూస్తే ఆ రెండు ప్రశ్నలూ ఒకచోటికే వస్తాయి.

లకోటాలు ఎవరో ముందు చెప్పాలి. బయటివాళ్లు ‘సూ’ అని పిలిచే జాతుల కూటమి అసలు పేరు ఓచేతి షాకోవిన్, అంటే ఏడు సభామంటల వాళ్లు. అందులో పడమటి వైపు మైదానాల్లో గుర్రాల మీద, అడవిదున్నల వేట మీద బతికినవాళ్లు లకోటాలు. ఓగ్లాలా, సిచాంగూ, హుంక్‌పాపా, మినికోంజూ లాంటి ఏడు శాఖలు వాళ్లవి. ఇప్పుడు ఎక్కువగా సౌత్ డకోటాలోని పైన్ రిడ్జ్, రోజ్‌బడ్, షయాన్ రివర్ రిజర్వేషన్లలో (ఆదివాసులకు కేటాయించిన ప్రాంతాల్లో), నార్త్ డకోటా సరిహద్దు మీద ఉన్న స్టాండింగ్ రాక్‌లో ఉంటారు. తెల్ల అడవిదున్న దూడ స్త్రీ అని తాము పిలుచుకునే ఆమె వచ్చి పవిత్రమైన ధూమపాన గొట్టాన్ని, చనుంపాను, తమకు ఇచ్చిందని వాళ్ల నమ్మకం. ఆ గొట్టంతో ముడిపడ్డ ఏడు క్రతువుల్లో ఇనిపి ఒకటి. ఒంటరిగా కొండ మీద ఉపవాసముండి దర్శనం కోరే హన్‌బ్లేచెయాకు ముందూ తర్వాతా ఇనిపి ఉంటుంది. వేసవిలో నాలుగు రోజులు సాగే సూర్యనృత్యానికి ముందు ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, చావు జరిగినా, పిల్లవాడు సైన్యానికి వెళుతున్నా, తిరిగొచ్చినా ఉంటుంది. ఆవిరి పట్టి చెమట పట్టించే పద్ధతి ఉత్తర అమెరికాలో చాలా తెగలకు ఉంది. నవాహోలు దుంగలు పేర్చి మట్టి కప్పిన చిన్న గుడిసెలో రాళ్ల పొడివేడిని వాడతారు, నీళ్లు పోయరు. మెక్సికోలో రాతితోనో మట్టితోనో కట్టిన టెమస్కాల్ ఉంది. అయినా ఈరోజు ‘స్వెట్ లాడ్జ్’ అనగానే లోకం కళ్లముందు కనబడేది మాత్రం చాలావరకు లకోటా నమూనానే.

కట్టడంలోనే సగం క్రతువు

విల్లో కొమ్మలు వాగుల పక్కన, తడి నేలల్లో పెరుగుతాయి. బొటనవేలంత లావున్నవి, వంచితే విరగనివి చూసుకుంటారు. కొట్టేముందు చెట్టు దగ్గర కాస్త పొగాకు పెట్టి, ఎందుకు తీసుకెళుతున్నదీ చెబుతారు. గుండ్రంగా గుంటలు తవ్వి కొమ్మల మొదళ్లు దిగేసి, ఎదురెదురు కొమ్మల్ని వంచి నడిమధ్య కలిపి కడతారు. అడ్డంగా మరికొన్ని చుట్లు తిప్పుతారు. అప్పుడు బోర్లించిన గంపలా ఒక చట్రం తయారవుతుంది. ఎత్తు మనిషి ఛాతీ దాకా ఉంటే గొప్ప, లోపల నిలబడలేరు. ఒకప్పుడు పైన అడవిదున్న తోళ్లు కప్పేవాళ్లు. ఆ మందలను 19వ శతాబ్దం చివరికల్లా తుడిచిపెట్టేశారు కాబట్టి తర్వాత కాన్వాసు, ఉన్ని దుప్పట్లు, పాత కార్పెట్లు వచ్చాయి. చీకటి పూర్తిగా కమ్మాలి. ఎక్కడన్నా సూది బెజ్జమంత వెలుతురు కనబడితే లోపలున్నవాళ్లు అరుస్తారు, బయటివాళ్లు అక్కడ ఇంకో దుప్పటి వేస్తారు.

గుడారం మధ్యలో రాళ్ల కోసం చిన్న గొయ్యి తవ్వుతారు. తవ్విన మట్టిని పారేయరు. తలుపు బయట కొన్ని అడుగుల దూరంలో చిన్న దిబ్బగా పోస్తారు, అదే వేదిక. చనుంపాను దాని మీద ఆనిస్తారు, చాలాచోట్ల అడవిదున్న పుర్రె కూడా పెడతారు. ఆ దిబ్బకు అవతల నిప్పుల గుండం. గుండానికీ దిబ్బకూ తలుపుకూ మధ్య గీత గీసినట్టు ఒక దారి ఉంటుంది. క్రతువు నడుస్తుండగా నిప్పు చూసుకునే మనిషి తప్ప ఆ దారిని ఎవరూ దాటరు. తలుపు తూర్పుకా పడమటికా అన్నది కుటుంబాన్ని బట్టి, నేర్పిన గురువును బట్టి మారుతుంది. పుస్తకంలో ఒక దిక్కు చదివి ఇంకో దిక్కు పెట్టినవాళ్లను తప్పుపట్టే బయటి ‘నిపుణులు’ ఈ సంగతి మరిచిపోతుంటారు.

లోపల నేల మీద సేజ్ ఆకు పరుస్తారు. మైదానాల్లో పెరిగే ఈ బూడిద రంగు మొక్క మనం వినాయకచవితి పత్రిలో వాడే మాచిపత్రికి దగ్గరి చుట్టం, రెండూ ఆర్టెమీసియా జాతివే. వాసన చూస్తే తెలుగువాళ్లకు ఎక్కడో తెలిసినట్టే ఉంటుంది.

అన్నిటికంటే జాగ్రత్త కావలసింది రాళ్ల ఎంపికలో. లావా నుంచి గట్టిపడిన బసాల్ట్ లాంటి రాళ్లు ఎర్రగా కాలినా తట్టుకుంటాయి. ఏటి ఒడ్డు గులకరాళ్లు నున్నగా, చూడముచ్చటగా ఉంటాయి కానీ వాటి లోపలి పగుళ్లలో తేమ దాగి ఉంటుంది. నిప్పుల్లో పడితే ఆ నీరు ఆవిరై రాయి ఠప్పున పగులుతుంది, ముక్కలు ఎగురుతాయి. కొత్తగా మొదలుపెట్టిన చాలామంది చేసే మొదటి తప్పు ఇదే. లకోటాలు ఈ రాళ్లను తాతలు అంటారు. నిప్పు చూసుకునే మనిషి వాటిని ఒక్కొక్కటే పారతోనో జింక కొమ్ముతోనో తీసి, బూడిద దులిపి, తలుపు దాకా తెస్తాడు. లోపలున్నవాళ్లు ఒక్కో రాయికీ స్వాగతం చెబుతారు. మొదటి ఏడూ నాలుగు దిక్కులకు, ఆకాశానికి, భూమికి, నడిమధ్యకు. అవి పెట్టేంతవరకు ఆ స్వాగతం తప్ప ఇంకో మాట ఎవరూ మాట్లాడరు.

ఇదంతా ఒట్టి తంతులా కనిపించవచ్చు. కానీ ఈ తంతులోనే ఒక కొలత దాగుంది. లోపలికి వచ్చే వేడి మొత్తం రాళ్ల నుంచే రావాలి, ఇంకో దారి లేదు. రాళ్లు ఒక్కొక్కటిగా, చేతి మీదుగా, తలుపు తెరిచి ఉన్నప్పుడే వస్తాయి. ఎన్ని వచ్చాయో అందరికీ తెలుసు. ఇక నడిపించే మనిషి చేతిలో మిగిలేది ఒకటే, నీళ్ల గరిటె. ఎంత పోయాలో, ఎప్పుడు ఆపాలో తేల్చేది ఆ చెయ్యే.

చీకట్లో నాలుగు విడతలు

లోపలికి వెళ్లేవాళ్లు వంగి, చేతుల మీద పాకుతూ వెళ్లాలి. వెళుతూ ‘మితాకుయే ఒయాసిన్’ అంటారు, అంటే నా చుట్టాలందరికీ అని. ఆ చుట్టాల్లో మనుషులే కాక చెట్లూ జంతువులూ రాళ్లూ కూడా ఉన్నాయి. పొద్దు తిరిగే దిక్కున చుట్టూ తిరిగి తమ చోట్లలో కూర్చుంటారు. నడిపించే వ్యక్తి తలుపు పక్కన ఉంటారు. మగవాళ్లు నిక్కర్లు, తువాళ్లతో, ఆడవాళ్లు పొడవాటి పలచని గౌన్లతో ఉంటారు. చాలా కుటుంబాల్లో ఆడా మగా విడివిడిగా చేస్తారు, కొన్నిచోట్ల కలిసి చేస్తారు. నెలసరిలో ఉన్న ఆడవాళ్లు రారు. అది మైల అని కాదు, ఆ రోజుల్లో ఆమె శక్తి వేరుగా పనిచేస్తుందని లకోటా ఆడవాళ్లే చెప్పుకునే వివరణ. అందరూ ఆ వివరణతో ఏకీభవించరు, అది వేరే చర్చ.

తలుపు దించుతారు. చీకటి. ఎర్రగా మెరిసే రాళ్ల మీద సీడర్ ఆకు చల్లితే నిప్పురవ్వలు, సువాసన. మొదటి గరిటె నీళ్లు పడగానే బుస్సుమని ఆవిరి లేస్తుంది. పాటలు, డోలు, ఒక్కొక్కరి ప్రార్థన. ప్రార్థన బిగ్గరగానే చేస్తారు. కొడుకు తాగుడు మానాలని ఒక తల్లి అడుగుతుంది. చనిపోయిన అన్న పేరు తలుచుకుని ఒక మాజీ సైనికుడు ఏడుస్తాడు. చీకట్లో ఎవరి మొహమూ కనబడదు. అక్కడ విన్నది బయట చెప్పుకోరు. ఇలా నాలుగు విడతలు. ప్రతి విడత తర్వాతా తలుపు తీసి గాలి రానిస్తారు, నీళ్లు తాగుతారు, కొత్త రాళ్లు తెస్తారు. చివర్లో చనుంపా చేతులు మారుతుంది. ఆ తర్వాత అందరూ కలిసి భోజనం, సూపు, వేయించిన రొట్టె, కాఫీ. భోజనం లేకుండా ఇనిపి పూర్తయినట్టు కాదు.

మధ్యలో ఎవరికైనా తట్టుకోలేనంత అయితే ‘మితాకుయే ఒయాసిన్’ అని గట్టిగా అనాలి. తలుపు తెరుచుకుంటుంది. ఎందుకు అని అడగరు. ఓడిపోయావని అనరు. కొందరు పెద్దలు ఏ ఒక్కరో ఇబ్బంది పడుతున్నట్టు గొంతులో వినబడినా తామే తలుపు తీయిస్తారు. పది పన్నెండు మంది ఉన్న గుడారంలో ప్రతి గొంతూ గుర్తుపట్టవచ్చు. ఎవరు పాడటం ఆపేశారో తెలిసిపోతుంది. పిలిచినవాడే వాళ్ల జబ్బుల గురించి, మందుల గురించి ముందే ఎరిగి ఉంటాడు, ఎందుకంటే వాళ్లు ఎక్కువగా అతని చుట్టాలో, చుట్టాలు వెంటబెట్టుకొచ్చినవాళ్లో అయి ఉంటారు.

వేడి శరీరానికి ఏం చేస్తుందో తెలుగు నేల మీద వేసవి గడిపినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. రాయలసీమలో 43 డిగ్రీల పొడి ఎండలో చెట్టు నీడన కూర్చుంటే చెమట ఆరుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. కోస్తాలో అంతకంటే తక్కువ ఉష్ణోగ్రతకే ఉక్కపోత చంపుతుంది, ఎందుకంటే గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు. స్వెట్ లాడ్జ్ ఈ రెండో రకం. పైగా ఆవిరి చర్మం మీద నీరుగా మారేటప్పుడు తనలో దాచుకున్న వేడిని అంతా ఒంటికే వదులుతుంది. అందుకే 80, 90 డిగ్రీల పొడి సౌనాలో కూర్చోగలిగిన మనిషి అంతకంటే చాలా తక్కువ వేడి ఉన్న ఆవిరి గుడారంలో కుప్పకూలవచ్చు. శరీరం లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటితే వడదెబ్బే. ముందు తికమక, తర్వాత స్పృహ తప్పడం. ఇక్కడే అసలు ప్రమాదం. తికమకలో పడ్డ మనిషి తనకు ప్రమాదం వచ్చిందని గుర్తించలేడు, బయటికి వెళతానని అడగలేడు. అతని తరఫున ఇంకొకరు గమనించాలి. బీపీ మాత్రలు, ఒంట్లో నీరు తగ్గించే మాత్రలు వాడేవాళ్లకు, గుండె జబ్బున్నవాళ్లకు, గర్భిణులకు, ముందురోజు మద్యం తాగినవాళ్లకు ఇది ఇంకా త్వరగా వస్తుంది. ఉన్ని, కాన్వాసు కొంత గాలి పీల్చుకుంటాయి. గాలి చొరని ప్లాస్టిక్ షీట్లతో బిగించి కప్పితే ఆవిరి బయటికి పోయే దారే ఉండదు.

నిషేధం, దొంగచాటు, జైలు

1883లో అమెరికా ప్రభుత్వం ‘ఇండియన్ నేరాల స్మృతి’ అనే నిబంధనలు తెచ్చింది. ఇక్కడ ఇండియన్లంటే అమెరికా ఆదివాసులు. సూర్యనృత్యం నేరం, వైద్యపురోహితుల పనులు నేరం. శిక్ష రేషన్ ఆపేయడం, జైల్లో పెట్టడం. అడవిదున్నలు పోయాక ప్రభుత్వం ఇచ్చే గోధుమపిండి, మాంసం మీదే బతుకుతున్నవాళ్లకు రేషన్ ఆపడమంటే ఏమిటో ఊహించుకోవచ్చు. 1890 డిసెంబరు 29న వూండెడ్ నీ దగ్గర లకోటా స్త్రీలను, పిల్లలను సైన్యం కాల్చి చంపింది కూడా ఒక కొత్త ప్రార్థనా నృత్యం చుట్టూ పుట్టిన భయం వల్లనే. 1934లో ఇండియన్ వ్యవహారాల కమిషనర్ జాన్ కాలియర్ ఉత్తర్వుతో ఆ నిషేధాలు కాగితం మీద సడలాయి. మత స్వేచ్ఛకు ప్రత్యేక చట్టం 1978 ఆగస్టు దాకా రాలేదు. అది కూడా హామీయే తప్ప ఉల్లంఘిస్తే శిక్షించే కోరలు లేనిది.

నిషేధం సాగిన ఆ యాభై ఏళ్లూ క్రతువులను కాపాడింది ఊరికి దూరంగా వాగు మలుపుల్లో గుట్టుగా గుడారాలు వేసుకున్న కుటుంబాలు. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారన్న వరుస ఇప్పటికీ అంత ముఖ్యమవడానికి కారణం ఇదే అనిపిస్తుంది. రాతప్రతులు లేవు, మఠాలు లేవు. పట్టుబడతానని తెలిసీ నేర్పినవాడు, తెలిసీ నేర్చుకున్నవాడు ఉన్నారు. 1960, 70ల్లో ఆదివాసుల హక్కుల ఉద్యమమైన అమెరికన్ ఇండియన్ మూవ్‌మెంట్ పుంజుకున్నప్పుడు, నగరాలకు తరలిపోయి తమ క్రతువులు మరిచిన ఇతర తెగల యువకులు కూడా లకోటా పెద్దల దగ్గరకే వచ్చారు. లకోటాలు పంచుకున్నారు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఇనిపి ఇంత విస్తరించడానికి మొదటి కారణం దొంగతనం కాదు, ఉదారతే.

జైళ్లలో ఇనిపి కథ దీని కొనసాగింపే. నెబ్రాస్కా రాష్ట్ర జైల్లోని ఇండియన్ ఖైదీలు కోర్టుకు వెళ్లగా 1974లో వాళ్ల క్రతువులను అనుమతించే ఒప్పందం కుదిరింది. తర్వాత చాలా రాష్ట్రాల జైళ్ల ఆవరణల్లో స్వెట్ లాడ్జ్‌లు వచ్చాయి. అధికారుల అభ్యంతరాలు ఊహించదగ్గవే. నిప్పు, రాళ్లు, పారలు, పైగా గార్డుకు లోపల ఏం జరుగుతోందో కనబడని చీకటి గుడారం. ఖైదీలు ఒక్కోసారి గెలిచారు, ఒక్కోసారి ఓడారు. 2000లో వచ్చిన, ఖైదీల మత హక్కులను కూడా కాపాడే చట్టం వాళ్ల వాదనకు కొంత బలమిచ్చింది. బయట ఏ తెగ పాటా తెలియకుండా పెరిగిన కుర్రాడు జైల్లో మొదటిసారి లకోటా పాట నేర్చుకోవడం అరుదేమీ కాదు. అక్కడికి వారం వారం వంద మైళ్లు డ్రైవ్ చేసి వచ్చే పెద్దాయనకు దక్కేది పెట్రోలు ఖర్చు, అదీ దక్కితే.

సెడోనా

అమెరికాలో పేరుమోసిన స్వయం వికాస వక్త జేమ్స్ ఆర్థర్ రే 2009 అక్టోబరులో అరిజోనాలోని సెడోనా దగ్గర అయిదు రోజుల శిబిరం పెట్టాడు. ఫీజు మనిషికి పది వేల డాలర్లకు కాస్త తక్కువ. చివర్లో స్వెట్ లాడ్జ్. దానికి ముందు 36 గంటలు ఆరుబయట తిండీ నీళ్లూ లేకుండా గడిపించారు. అక్టోబరు 8న యాభైమందికి పైగా ఒకే గుడారంలో కూర్చున్నారు. నాలుగు విడతలకు బదులు ఎనిమిది. రెండు గంటల్లో మనుషులు వాంతులు చేసుకుంటూ, సోలిపోతూ, ఒకరినొకరు లాక్కుంటూ బయటపడ్డారు. ఇద్దరు ఆ రోజే, ఇంకొకరు తొమ్మిది రోజుల తర్వాత చనిపోయారు. చాలామంది ఆసుపత్రి పాలయ్యారు. 2011లో జ్యూరీ రేను నిర్లక్ష్యంతో మరణాలకు కారణమైనట్టు మూడు అభియోగాల్లో దోషిగా తేల్చింది. రెండేళ్ల జైలుశిక్ష పడింది.

విచారణలో సాక్షులు చెప్పినదాన్ని బట్టి విడతకూ విడతకూ మధ్య వెళ్లొచ్చన్న నియమం ఉంది. తలుపుకు తాళం వేయలేదు. అయినా చాలామంది వెళ్లలేదు. వెళ్లబోయినవాళ్లను ‘నువ్వు ఇంతకంటే బలమైనవాడివి’ అనే ధోరణిలో వెనక్కి లాగారు. బలహీనతను దాటడమే ఆ కోర్సు అమ్మిన సరుకు. డబ్బు కట్టినవాడు తన డబ్బుకు ఫలితం రావాలని పళ్లు బిగించి కూర్చుంటాడు. డబ్బు తీసుకున్నవాడు ఇంకాస్త ఎక్కువ అనుభవం ఇవ్వాలని ఇంకాస్త ఎక్కువ రాళ్లు తెప్పిస్తాడు. ఇద్దరి లెక్కా ఒకే వైపు మొగ్గింది. లకోటా గుడారంలో తలుపు తెరిపించే మాట ఇక్కడ ఓటమికి గుర్తు అయిపోయింది. చీకట్లో యాభైమందిలో ఎవరి గొంతు ఆగిపోయిందో గమనించే చెవి లేదు. తలుపుకు దూరంగా కూర్చున్నవాళ్లకు, అది తెరిచినా గాలి సరిగా అందదు. పక్కవాడి పేరే తెలియని గదిలో, పక్కవాడికి తికమక మొదలైందని ఎవరు పసిగడతారు?

అందుకే రాళ్ల సంఖ్య తగ్గించి, థర్మామీటరు పెట్టి, నర్సును కూర్చోబెడితే సమస్య తీరుతుందనే వాదన సగమే సరైనది. అవి మంచివే, ఉండాలి. కానీ లకోటా పద్ధతిలో నర్సు చేసే పనిని చుట్టరికం చేస్తుంది. రేపు అదే ఊళ్లో, అదే కుటుంబాల మధ్య తలెత్తుకు తిరగాల్సిన మనిషి గరిటె పట్టుకుంటాడు. సెడోనాలో గరిటె పట్టినవాడు మర్నాటికి ఆ రాష్ట్రం వదిలి వెళ్లిపోయాడు.

ఆ నవంబరులో కొందరు లకోటాలు కోర్టులో వేసిన దావా ఆసక్తికరమైనది. 1868 ఫోర్ట్ లారమీ ఒప్పందంలో, తెల్లవాళ్లలో ‘చెడ్డ మనుషులు’ ఇండియన్లకు హాని చేస్తే అమెరికా ప్రభుత్వం వాళ్లను పట్టి శిక్షించాలన్న మాట ఉంది. దాని కింద రే మీద, శిబిరం జరిగిన స్థలం యజమానుల మీద చర్య తీసుకోమన్నారు. తమ క్రతువు పేరుతో మోసం చేసి ప్రాణాలు తీయడం తమకు జరిగిన హానే అన్నది వాళ్ల వాదన. అంత పాత ఒప్పందం దాకా వెళ్లాల్సి రావడానికి కారణం ఉంది. ఇండియన్లు చేయని పూసల సంచిని ఇండియన్లు చేసిందని అమ్మితే 1990 నాటి హస్తకళల చట్టం ప్రకారం అమెరికాలో నేరం, లక్షల డాలర్ల జరిమానా, జైలు. క్రతువును అలా అమ్మితే మాత్రం ఏ నేరమూ కాదు. నాది మతం అని ఎవరైనా చెప్పుకోవచ్చు, ఆ స్వేచ్ఛను రాజ్యాంగం అందరికీ ఇచ్చింది. ఒకప్పుడు లకోటాలకు అక్కరకు రాని ఆ స్వేచ్ఛే ఇప్పుడు వాళ్ల క్రతువును అమ్ముకునేవాళ్లకు రక్షణ.

డబ్బు తీసుకుంటే తప్పేంటి?

తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక మెలిక తగులుతుంది. తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ కొని వెళ్లడం మనకు వింత కాదు. సత్యనారాయణ వ్రతం చేయించిన పంతులుగారికి దక్షిణ ఇవ్వకపోతేనే తప్పు. మరి లకోటాలు డబ్బు అనగానే అంత మండిపడతారెందుకు?

మొదటి సంగతి, వాళ్ల దగ్గరా ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. క్రతువు అడగడానికి వెళ్లేవాడు పొగాకు తీసుకెళ్లాలి. కట్టెలు తేవాలి, భోజనానికి మాంసం తేవాలి. నడిపించినవాళ్లకు దుప్పటో, కూపన్లో, దూరం నుంచి వస్తే పెట్రోలు డబ్బులో చేతిలో పెడతారు. మన దక్షిణ లాంటిదే. కానీ ధర అంటూ ముందే చెప్పరు. లేనివాడిని తలుపు దగ్గర ఆపరు. తిరుమలలోనూ ఉచిత దర్శనం క్యూ ఉందిగా అనవచ్చు. తేడా ఏమిటంటే ఆలయానికి ఒక సంస్థ ఉంది, ఆగమం ఉంది, జీతాలున్నాయి, టికెట్ కొన్నవాడికీ కొననివాడికీ అర్చకుడు ఒకే పూజ చేస్తాడు. ఇనిపికి సంస్థ లేదు. నడిపించే మనిషే సంస్థ. అతనికి డబ్బు వచ్చే మార్గం క్రతువే అయితే, అతన్ని అదుపు చేసే రెండో చెయ్యి మిగలదు.

ఇది నిండుగా ఉన్నవాళ్ల నీతి కాదు. పైన్ రిడ్జ్ ఉన్న ఓగ్లాలా లకోటా కౌంటీ అమెరికాలోని అతి పేద కౌంటీల్లో ఒకటి. అక్కడి పెద్దాయన వారాంతపు శిబిరాలు నడిపితే ఏడాది సంపాదన నెలలో వస్తుంది. కొందరు ఆ పని చేశారు కూడా. 1993 జూన్‌లో లకోటా, డకోటా, నకోటా జాతుల సభలో నలభై తెగలు, శాఖలకు చెందిన దాదాపు 500 మంది ప్రతినిధులు తమ ఆధ్యాత్మికతను దోచుకునేవారి మీద ‘యుద్ధం ప్రకటిస్తూ’ తీర్మానం చేశారు. అందులో ‘న్యూ ఏజ్’ అనే కొత్త ఆధ్యాత్మిక ధోరణి షమాన్లను, అంటే ఆత్మలతో మాట్లాడతామని చెప్పుకునేవాళ్లను, నకిలీ గురువులను ఎంత గట్టిగా తిట్టారో, బయటివాళ్లకు అనుమతులు ఇచ్చే తమ సొంత మనుషుల్నీ అంత గట్టిగానే హెచ్చరించారు. ‘నాకు ఫలానా లకోటా పెద్దాయన అనుమతి ఇచ్చాడు’ అన్నదే అప్పటికి మార్కెట్లో అన్నిటికంటే విలువైన సర్టిఫికెట్ మరి.

పదేళ్ల తర్వాత, 2003లో, తెల్ల అడవిదున్న దూడ స్త్రీ ఇచ్చిందని నమ్మే మూల చనుంపాకు పంతొమ్మిదో తరం సంరక్షకుడైన ఆర్వాల్ లుకింగ్ హార్స్ ఇంకో అడుగు వేశారు. ఏడు క్రతువుల వలయం లోపలికి ఇండియన్లు కానివాళ్లను అనుమతించకూడదని ప్రకటించారు. ఇనిపి నడిపేవాళ్లకు తమ మైదానాల భాషలో ప్రార్థించడం రావాలని, హన్‌బ్లేచెయా, నాలుగేళ్ల సూర్యనృత్యం పూర్తిచేసి ఉండాలని, ఏ క్రతువుకూ ధర ఉండకూడదని చెప్పారు. దీన్ని అందరూ ఒప్పుకోలేదు. తెల్ల భార్యలున్న లకోటా మగవాళ్లున్నారు, మిశ్రమ సంతానం ఉంది, ఇరవై ఏళ్లుగా కట్టెలు కొడుతూ సాయం చేస్తున్న పక్క ఊరి రైతున్నాడు. వాళ్లను ఇప్పుడు ఏమనాలి? పైగా లకోటా సంప్రదాయంలోనే హుంకా అనే క్రతువు ఉంది, బయటివాళ్లను చుట్టాలుగా చేసుకునేది. అదీ ఆ ఏడింటిలో ఒకటే. కొన్ని కుటుంబాలు లుకింగ్ హార్స్ మాట పాటిస్తాయి. కొన్ని తమకు తెలిసిన బయటివాళ్లను పిలుస్తూనే ఉన్నాయి. అందరి మీదా చెల్లే మాట చెప్పే పీఠం లకోటాల్లో ఎన్నడూ లేదు.

ఈ తగవులో రెండు పక్షాలకూ పేచీ లేని చోటు ఒకటుంది. అతిథిగా రావడం వేరు, వెళ్లి నడపడం వేరు. 2016లో స్టాండింగ్ రాక్ దగ్గర చమురు పైప్‌లైన్‌కు అడ్డంగా వేసిన శిబిరాలకు వేలమంది ఇండియన్లు కానివాళ్లు వచ్చారు. అక్కడ ఇనిపి గుడారాలూ ఉన్నాయి. పిలిస్తే లోపలికి వెళ్లారు, పిలవకపోతే బయట కట్టెలు కొట్టారు. గొడవ వచ్చేది, నాలుగు ఇనిపీల్లో కూర్చున్న మనిషి ఇంటికెళ్లి అయిదోది తానే పెట్టినప్పుడు.

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకు రెండు రకాల పిలుపులూ రావచ్చు. ఆఫీసులో పనిచేసే స్నేహితుడి కుటుంబం పిలవడం ఒకటి, వెల్‌నెస్ సెంటర్ నుంచి మెయిల్ రావడం ఒకటి. మొదటిదైతే పొగాకు తీసుకెళ్లాలి, వంటకు ఏదన్నా పట్టుకెళ్లాలి. ఏం వేసుకోవాలో, ఎక్కడ కూర్చోవాలో ముందే అడగాలి. ఫోన్ కారులోనే వదిలేయాలి. వాడుతున్న మందులు, షుగరు, బీపీ సంగతి దాచకుండా చెప్పాలి. నీళ్లు బాగా తాగి వెళ్లాలి. ఒక విడత కూర్చుని బయటికి వచ్చేసినా ఎవరూ ఏమీ అనుకోరు, నిప్పు దగ్గర పని ఎప్పుడూ ఉంటుంది. రెండోదైతే ఎవరు నడుపుతున్నారో, వాళ్లకు ఎవరు నేర్పారో, లోపల ఎంతమంది ఉంటారో, మధ్యలో తలుపు తీయమంటే తీస్తారో లేదో అడగాలి. మెయిల్లో ధరతో పాటు ‘మీ హద్దులు దాటండి’ అనే మాట కూడా కనబడితే అడగాల్సిన పని కూడా లేదు.